ముంగిట నిలిచిన ఏడాది

తెలుగువారి పండుగలలో సంక్రాంతికి ఒక విశిష్టత ఉంది. తక్కిన పండుగలలో పెక్కు చంద్రగమనాన్ని అనుసరించి తిథులతో రాగా, ఇది సూర్యగమనాన్ని అనుసరించి వస్తుంది. సూర్యుడు ధనూరాశిని వీడి మకరరాశిలో ప్రవేశించే దినమే మకర సంక్రాంతి. అందువల్లనే ఇది ఏటా ఇంచుమించు ఒకే తేదీన కనబడుతుంది. ‘ఇంచుమించు’ అనడంలో కొంత విశేషం లేకపోలేదు. స్వామి వివేకానందుడు జన్మించిన 1863 జనవరి 12 మకర సంక్రాంతి దినం. 2025లో అదే పండుగ జనవరి 14న వచ్చింది. అయనచలనం కారణంగా సుమారు డెబ్బది రెండేండ్లకు ఒక దినం చొప్పున పండుగ ముందుకు జరుగుతున్నది. పగటి పొద్దు పెరగడం డిసెంబరు 21, 22 తేదీలనాడే ఆరంభమైనా, రైతు ఇంటికి గింజ చేరి, చేతిలో నాలుగు డబ్బులు ఆడేది జనవరి నాటికే. ఆ విధంగా చూస్తే పండుగ ఆలస్యం కావడమే గృహస్థుకు మేలైనది.

సంక్రాంతిని లెక్కలతో ముడిపెట్టడం కొత్త విషయం కాదు. మధ్యయుగపు తెలుగు శాసనాలలో ఉత్తరాయణ సంక్రాంతి నిమిత్తం ఇచ్చిన భూములు, చేసిన ధర్మాలు తరచుగా కనిపిస్తాయి. రాజులు, సామంతులు పుణ్యకాలంగా భావించి దానం చేసి, ఆ దానాన్ని రాతిపై చెక్కించారు. సూర్యాపేటకు చేరువలో ఉన్న పిల్లలమర్రిలో కాకతీయుల సామంతులైన రేచర్లవారు నిర్మించిన ఆలయాలు, శాసనాలు నేటికీ నిలిచి ఉన్నాయి. రాయి దొరకని సామాన్య గృహస్థు తన లెక్కను ఎక్కడ వ్రాసుకున్నాడు? ఈ ప్రశ్నకు సమాధానం కావాలంటే సెలవులలో ఏదో ఒక ఇంటికి వెళ్లవలసిందే.

పూర్వం భానుపురిగా పేరొందిన సూర్యాపేట, రాష్ట్ర సరిహద్దుకు దగ్గరగా ఉన్న కోదాడ, బియ్యం మిల్లులకు ప్రసిద్ధి చెందిన మిర్యాలగూడ - ఈ మూడు పట్టణాలూ ఒకప్పుడు నల్లగొండ జిల్లాలోనివి. 2016లో సూర్యాపేట ప్రత్యేక జిల్లా కాగా, కోదాడ దానితో వెళ్లింది. మిర్యాలగూడ నల్లగొండలోనే మిగిలింది. జిల్లా గీత మారినా వీటిని కలిపే బంధాలు మారలేదు. హైదరాబాదు - విజయవాడ జాతీయ రహదారి సూర్యాపేట, కోదాడల మీదుగా సాగుతుంది. పండుగకు రెండు మూడు రోజుల ముందు ఆ దారి వెంట వాహనాలు బారులు తీరుతాయి. హాస్టళ్లలో ఉండి చదువుకునే విద్యార్థులు బస్సులలో నిలబడి, సంచులు ఒళ్లో పెట్టుకొని ఇళ్లకు చేరుకుంటారు.

రెండవ బంధం కాలువ. నాగార్జునసాగరుకు 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేయగా, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీటిని విడుదల చేశారు. లాల్ బహదూర్ కాలువగా పేరు పెట్టబడిన ఎడమ కాలువ ప్రవహించిన మేర జొన్న చేలు వరి మళ్లుగా మారాయి. పండిన వడ్లు మిర్యాలగూడ మిల్లులకు చేరుతాయి. అక్కడ ధర పలికిన తీరును బట్టి ఏ ఊరిలో ఏ ఇంట పండుగ ఏ పాటిగా జరుగుతుందో ఊహించవచ్చును.

విద్యార్థి ఇల్లు చేరేసరికి వంటింట బియ్యం నానుతూ ఉంటాయి. తెలంగాణ సంక్రాంతికి సకినాలే మకుటం. నానిన బియ్యాన్ని పిండి పట్టించి, నువ్వులు, వాము, ఉప్పు చేర్చి తడిపి కలుపుతారు. పరచిన బట్టపై వ్రేళ్ల మధ్య పిండిని మెలిపెడుతూ వలయాలుగా చుడతారు. ఈ పని ఒక్కరితో తెమిలేది కాదు. ఇరుగుపొరుగు స్త్రీలు చేరి, నేడు ఈ ఇంట, రేపు ఆ ఇంట చుట్టుకుంటూ పోతారు. “వదినా, మీ చుట్టు తెగింది చూడు!” అని ఒకరు హాస్యమాడితే, “తెగనీయమ్మా, నూనెలో పడితే అన్నీ ఒకటే” అని మరొకరు బదులిస్తారు. చేతులు పనిలో ఉండగా మాటలు ఏడాది చుట్టూ తిరుగుతాయి. ఎవరింట పెళ్లి కుదిరింది, ఎవరి అత్తగారు కాలం చేశారు, ఎవరి కుమారుని చదువు మధ్యలో ఆగింది - ఈ వార్తలన్నీ సకినాల నడుమ చెప్పుకోబడతాయి. కోదాడ వైపు కృష్ణా జిల్లా సంబంధ బాంధవ్యాలు హెచ్చు గనుక అక్కడ సకినాల పక్కనే బెల్లం పాకపు అరిసెలకూ సమాన గౌరవం దక్కుతుంది. ఏది మేలైనదన్న వివాదం తెగినట్లు ఎవరూ చెప్పలేదు.

భోగినాటి తెల్లవారుజామున మంటలు, సాయంత్రం పసిపిల్లల తలపై రేగిపండ్లు, వైష్ణవాలయాలలో గోదా కల్యాణం. ఈ గోదాదేవి కథనే శ్రీకృష్ణదేవరాయలు ‘ఆముక్తమాల్యద’గా రచించాడు. సంక్రాంతినాడు ముంగిట ముగ్గులు, ముగ్గుల నడుమ గొబ్బెమ్మలు, పొంగే పాలు, స్త్రీల నోములు. ఇవన్నీ విద్యార్థులు ఎరిగినవే.

ఎరుగనిది కనుమనాటి సాయంకాలం జరుగుతుంది. కొట్టంలో ఎడ్లు లేని ఇళ్లే నేడు ఎక్కువ. ట్రాక్టరును కడిగి పసుపు కుంకుమలు పెట్టి, దానికే కొబ్బరికాయ కొడుతున్నారు. ఆ పని ముగిసి, భోజనాలైన తరువాత, గోడ మీది పాత క్యాలెండరును ఇంటి ఇల్లాలు కిందికి దించుతుంది. సామాన్య గృహస్థు శాసనం అదే. పాలవాడు రాని రోజులకు సున్నాలు, గ్యాసు బండ వచ్చిన తేదీకి గీత, నాట్లు వేసిన దినం, కూలీల సంఖ్య, ఆసుపత్రికి వెళ్లిన రోజు, హాస్టలు ఫీజు కట్టిన రోజు - అన్నీ ఆ గడులలో సన్నని అక్షరాలతో ఉంటాయి.

2025 సంక్రాంతికి కోదాడ ప్రాంతంలో దించిన క్యాలెండర్లలో సెప్టెంబరు పుట మరువరానిది. 2024 ఆగస్టు 31 రాత్రి కురిసిన కుండపోత వానకు కోదాడ పట్టణంలోని వీధులు వాగులైనవి. ప్రాణనష్టం కూడా సంభవించింది. సెప్టెంబరు 1న నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం వద్ద ఎడమ కాలువకు గండి పడింది. ఆ నీరు పొలాలను ముంచి, కొన్నిచోట్ల ఇసుక మేటలు వేసి పోయింది. వింత ఏమిటంటే, ముంచిన నీరు వెడలిపోయిన తరువాత గండి పూడేవరకు దిగువ పొలాలకు కాలువ నీరే కరవైంది. ఒకే నెలలో అతివృష్టిని, నీటి ఎద్దడిని రెంటినీ చూసిన రైతులు ఉన్నారు. ఆ నెల గడులలో కొందరిళ్లలో ఏమీ వ్రాసి ఉండదు. వ్రాయడానికి తీరికా, మనసూ లేకపోయినవని పెద్దలు చెప్పగా విన్నప్పుడే పిల్లలకు ఆ ఖాళీ గడుల అర్థం తెలుస్తుంది.

అటుపిమ్మట తండ్రి లెక్క విప్పుతాడు. ఆ ఏడాది వానకాలం పంటకు ఏ గ్రేడు వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,320 రూపాయలు. సన్న వడ్లకు రాష్ట్ర ప్రభుత్వం 500 రూపాయల బోనస్ ప్రకటించింది. ఎకరాకు ఇరవై ఐదు క్వింటాళ్లు పండిందనుకుంటే మద్దతు ధర ప్రకారం 58,000 రూపాయలు. వినడానికి ఇది పెద్ద మొత్తమే. అందులోంచి కౌలు, ఎరువులు, పురుగుమందులు, కోత మిషను కిరాయి, వడ్డీ వరుసగా తీసివేస్తూ పోతే కాగితం అడుగుకు వచ్చేసరికి అంకె కుదించుకుపోతుంది. వడ్లలో తేమ పదిహేడు శాతం మించితే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు గనుక, కల్లంలో ఎండబోసి కాపలా కాసిన రాత్రులకు ఆ కాగితంలో పద్దు లేదు. గణితంలో నూటికి నూరు తెచ్చుకునే కుమారుడు ఈ తీసివేతలను మౌనంగా చూస్తూ కూర్చుంటాడు. పండుగకు కొత్త సెల్‌ఫోను అడుగుదామని హైదరాబాదు నుండి సిద్ధం చేసుకొని వచ్చిన మాట గొంతులోనే ఆగిపోతుంది.

“ఈసారి కౌలు చేను వదిలేద్దామా?” అని తండ్రి అడుగుతాడు.

తల్లి వెంటనే బదులివ్వదు. కొత్త క్యాలెండరును మేకుకు తగిలించి, “నారు పోసినాం గదా” అంటుంది. నాయనమ్మ మంచం మీది నుంచి, “కాలువ రాకముందు జొన్నరొట్టె తిని బతకలేదా మేము?” అని అందుకుంటుంది. అది ధైర్యం చెప్పడమో, ఎత్తిపొడుపో పోల్చుకోవడం కష్టం. అక్క మాత్రం తన ఉద్యోగపు జీతంలోంచి తమ్ముని పరీక్ష ఫీజు తానే కడతానని చెప్పి, సకినాల డబ్బా మూత బిగిస్తుంది.

చేను సంగతి ఆ రాత్రి తేలదు. మరునాటి ఉదయం విద్యార్థి ఇల్లు కదిలే వేళకు, విడదీసిన పాత క్యాలెండరు పుటలతో తల్లి అతని రికార్డు పుస్తకాలకు అట్టలు వేసి ఉంచుతుంది. నున్నని తెల్లని వెనుక వైపు పైకి వస్తుంది. గడులు, సున్నాలు లోపలికి మడతపడతాయి. బస్సు కోదాడ దాటి సూర్యాపేట వైపు సాగుతుండగా రహదారికి ఇరువైపులా యాసంగి మళ్లు దమ్ము చేయబడి ఉంటాయి. కొన్నింటిలో అప్పటికే స్త్రీలు వరుసగా వంగి నాట్లు వేస్తూ ఉంటారు.