పోయిందేమిటి? మిగిలిందేమిటి?

అది 1943వ సంవత్సరం. రెండో ప్రపంచ యుద్ధం జరుగుతోంది. రష్యాలో స్మోలెన్‌స్క్ అనే ఊరి దగ్గర పోరు సాగుతోంది. మార్చి నెలలో ఒక తూటా వచ్చి ఒక యువ సైనికుడి తలలో దిగింది. అతని పేరు జసెత్‌స్కీ. యుద్ధానికి ముందు అతను ఇంజనీరింగు చదువుకునేవాడు.

ప్రాణం దక్కింది. గాయం మానింది. కానీ అతను మునుపటి మనిషి కాడు.

కుడి పక్కన ఉన్నవి కనిపించవు. వస్తువుల పేర్లు గుర్తుకు రావు. ఆస్పత్రిలో గది దాటి బయటికి వస్తే తిరిగి గదికి దారి తెలియదు. పత్రిక చేతికిస్తే ఒక్క అక్షరం కూడా పోల్చుకోలేడు. అది వేరే దేశపు పత్రిక అనుకున్నాడు. అంత చదివినవాడు మళ్ళీ ఓనమాల దగ్గరికి వచ్చాడు!

ఇలాంటి మనిషిని చూస్తే మనం ఏమంటాం? "మతి పోయింది" అంటాం. "ఇక పనికిరాడు" అంటాం. "గాలి సోకింది" అనేవాళ్ళూ ఉంటారు.

లూరియా అనే డాక్టరు అట్లా అనలేదు. ఉరల్ కొండల దగ్గర ఒక ఆస్పత్రిలో ఆయన ఈ సైనికుణ్ణి చూశాడు. దగ్గర కూచున్నాడు. ఓపికగా మాట్లాడాడు.

"తండ్రి అన్న, అన్న తండ్రి. ఈ రెండూ ఒకటేనా?"

మనం వెంటనే చెప్తాం. మొదటివాడు పెదనాన్న. రెండోవాడు కన్నతండ్రే. సైనికుడు మాత్రం తికమకపడ్డాడు. తండ్రి ఎవరో తెలుసు. అన్న ఎవరో తెలుసు. రెండు మాటలూ కలిస్తే అర్థం అందదు.

"ఏనుగు పెద్దదా, ఈగ పెద్దదా" అనే రకం ప్రశ్నకూ అంతే. ఏనుగు తెలుసు, ఈగ తెలుసు. పోల్చి చెప్పాలంటే మాటలు చిక్కుపడతాయి.

మరి మిగిలిందేమిటి? బాగుపడాలన్న పట్టుదల మిగిలింది. తనకేం పోయిందో తెలుసుకునే తెలివి మిగిలింది. మెదడులో ఒక్కో భాగానికి ఒక్కో పని ఉంది. అతనికి దెబ్బ తగిలింది ఎడమ వైపు, వెనక భాగంలో. ముందు భాగం బాగానే ఉంది. ఆలోచన చేసి, పట్టుబట్టి పని సాగించడానికి ఆ ముందు భాగం ముఖ్యం.

అతను మళ్ళీ అక్షరాలు దిద్దాడు. 'అ' అంటే 'అమ్మ' అని మనం నేర్చుకున్నట్టే, అతనూ ఒక్కో అక్షరానికి తెలిసిన మాట ఒకటి జోడించుకున్నాడు. అయినా రాయడం కష్టమే.

ఒకరోజు ఒక ప్రొఫెసరు వచ్చి ఇట్లా చెప్పాడు: "ఒక్కో అక్షరం కోసం వెతకొద్దు. చెయ్యి ఎత్తకుండా మాట మొత్తం గబగబా రాసెయ్."

రాశాడు! మనసు మరిచిపోయిన అక్షరం చేతికి గుర్తుంది. తను రాసింది తనే చదవలేడు. కానీ రాయగలడు. ఆ ఒక్క దారి దొరికింది. దాదాపు 25 ఏళ్ళు తన కథ రాశాడు. సుమారు 3,000 పేజీలు అయ్యాయి. పూర్తిగా బాగుపడలేదు. చదవడం చివరిదాకా కష్టమే. అయినా రాయడం ఆపలేదు. ఆ రాతలతో లూరియా 1971లో ఒక పుస్తకం వేశాడు.

అందరికీ ఒకే ప్రశ్నపత్రం ఇచ్చి మార్కులు వేసి ఉంటే ఈ దారి దొరికేదా?

లూరియాకు ఇంకో సంగతి కూడా ముందే తెలుసు. 1931, 1932 సంవత్సరాల్లో ఆయన ఉజ్బెకిస్తాన్ పల్లెలకు వెళ్ళాడు. చదువురాని రైతుల్ని అడిగాడు: "రంపం, గొడ్డలి, సుత్తి, దుంగ. వీటిలో వేరేది ఏది?" చదువుకున్నవాళ్ళు "దుంగ" అంటారు. మిగతా మూడూ పనిముట్లు కదా! రైతులు ఒప్పుకోలేదు. "అన్నీ కావాలి. దుంగ లేకపోతే రంపంతో పనేముంది?" అన్నారు. ఇది తెలివి తక్కువ కాదు. బతుకు నేర్పిన తెలివి.

అందుకే మెదడు పరీక్ష మనిషిని బట్టి ఉండాలి. బడికి పోనివాడికి రాత పరీక్ష పెట్టి "మెదడు చెడింది" అనకూడదు. ఆ మనిషి భాష ఏది? ఎంత చదివాడు? ముందు ఏ పని చేసేవాడు? ఇవన్నీ తెలుసుకోవాలి. ఇంటివాళ్ళనూ అడగాలి. కిరాణా కొట్టు నడిపినవాడైతే చిల్లర లెక్క అడగవచ్చు. దర్జీ అయితే కొలతలు అడగవచ్చు. పోయింది తెలిస్తే ఇంట్లో కోపం తగ్గుతుంది. మిగిలింది తెలిస్తే దారి దొరుకుతుంది.

గుర్తుంచుకోండి
* తలకు దెబ్బ తగిలాక వాంతులు, మూర్ఛ, మగత ఉంటే వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి. 108కి ఫోన్ చేయండి.
* గాయం మానినా మతిమరుపు, చిరాకు, మాట తడబాటు ఉంటే డాక్టరుకు చెప్పండి. అది సోమరితనం కాదు. దయ్యం కాదు.
* పరీక్షకు వెళ్ళేటప్పుడు ఆ మనిషి గురించి బాగా తెలిసినవాళ్ళు తోడు వెళ్ళాలి.

ఆలోచించండి, చెప్పండి
1. సైనికుడికి పోయినవి ఏవి? మిగిలినవి ఏవి?
2. రైతుల జవాబు తప్పేనా? మీరేమంటారు?
3. మీ ఊళ్ళో తలకు దెబ్బ తగిలి మారిపోయిన మనిషి ఉన్నారా? వారు ఇప్పటికీ బాగా చేయగలిగే పని ఏది?