నలుగురూ కలిసి చేరాలి

పరుగు పందెం మనకు తెలుసు. పడవ పందెమూ తెలుసు. నడక, సైకిలు, పడవ, కొండ ఎక్కడం అన్నీ కలిపి ఒకే పందెం పెడితే? దాన్ని సాహస పందెం అంటారు.

2019 సెప్టెంబరులో ఫిజీ దేశంలో ఇలాంటి పందెం జరిగింది. దాని పేరు ఎకో ఛాలెంజ్. ఫిజీ అంటే సముద్రం మధ్యలో ఉన్న దీవులు. వెనకటి రోజుల్లో మన తెలుగువాళ్లు కూడా ఓడలెక్కి, చెరకు తోటల్లో కూలికి అక్కడికి వెళ్లారు.

పందెం దూరం 671 కిలోమీటర్లు. గడువు 11 రోజులు. 30 దేశాల నుంచి 66 జట్లు వచ్చాయి. జట్టుకి నలుగురు. అందులో ఆడవాళ్లూ, మగవాళ్లూ ఉండాలి. అడవిలో నడిచారు. వెదుళ్లతో తెప్ప కట్టుకుని ఏటి మీద వెళ్లారు. తాడు పట్టుకుని కొండ ఎక్కారు.

నలుగురూ కలిసే చివరికి చేరాలి. ముగ్గురు ముందు చేరితే లాభం లేదు. అందుకే వెనకబడిన మనిషి మూట మిగతావాళ్లు మోస్తారు.

మన దేశం నుంచి తాషీ, నుంగ్షీ మాలిక్ అనే కవల అక్కచెల్లెళ్లు తమ జట్టుతో వెళ్లారు. వీళ్లది హర్యానా. 2013 మే 19న ఇద్దరూ కలిసి ఎవరెస్టు ఎక్కారు. ఈ పందెంలో న్యూజిలాండ్ జట్టు గెలిచింది. ఆ జట్టులోనూ ఒక మహిళ ఉన్నారు.

పందెంలో దారి చూపే ఫోను వాడకూడదు. చేతిలో పటం, దిక్సూచి మాత్రమే ఉంటాయి. దిక్సూచి ముల్లు ఉత్తరం చూపుతుంది.

"వదినా, మనం ఫిజీ వెళ్తామా ఏటి? పటం మనకెందుకు?"

"ఫిజీ వెళ్లకపోతే ఏటమ్మీ? గట్టు తగాదా వస్తే సర్వేయరు పొలం పటం తెస్తాడు. అది చదవకుండా వేలిముద్ర వేసేస్తావా?"

వదిన మాట నిజం. పటం చదవడం కష్టం కాదు.

1. పటంలో సాధారణంగా పైభాగం ఉత్తరం. కింద దక్షిణం. కుడి తూర్పు. ఎడమ పడమర.

2. పటం మీద కొలత రాసి ఉంటుంది. 1 సెంటీమీటరు అంటే 1 కిలోమీటరు అని ఉందనుకోండి. 5 సెంటీమీటర్లు ఉంటే 5 కిలోమీటర్లు. కొండదారి మెలికలు తిరుగుతుంది. నడక ఇంకా ఎక్కువ అవుతుంది.

3. నీలం గీత ఏరు. కొండల పటంలో గోధుమరంగు గీతలు ఎత్తు చెబుతాయి. గీతలు దగ్గరగా ఉంటే కొండ నిటారుగా ఉన్నట్టు. దూరంగా ఉంటే వాలు తక్కువ.

పొద్దున సూర్యుడికి ఎదురుగా నిలబడండి. ఎదురుగా తూర్పు. ఎడమ చేతి వైపు ఉత్తరం. మన జిల్లాల్లో సముద్రం తూర్పు వైపు ఉంది. నాగావళి, వంశధార ఒడిశా కొండల్లో పుట్టి ఈ సముద్రంలోనే కలుస్తాయి.

చేయండి: నలుగురు కలిసి మీ ఊరి పటం నేల మీద ముగ్గుతో గీయండి. బడి, చెరువు, బోరింగు, మీ ఇల్లు గుర్తు పెట్టండి. మీ ఇంటికి బడి ఏ దిక్కున ఉందో రాయండి.