జరిమానా కట్టగలం, ప్రాణం తేలేము

ఇంట్లో వారిని ఆసుపత్రిలో చేర్చారని ఫోను రాగానే మీరు బండి తీస్తారు. మనసు కుదురుగా ఉండదు. చెయ్యి తెలియకుండానే యాక్సిలేటరు తిప్పుతుంది. డోన్ మీదుగా పోయే హైదరాబాదు-బెంగళూరు 44వ నెంబరు జాతీయ రహదారి ఖాళీగా కనిపిస్తే తొందర ఇంకా పెరుగుతుంది. దారిలో పోలీసులు స్పీడుగన్నుతో నిలబడి ఉంటే "ఈ కష్టంలో వీళ్ళొకరా" అని విసుక్కుంటాము.

ఒక్కసారి లెక్క చూడండి. 10 కిలోమీటర్ల దూరం 60 వేగంతో 10 నిమిషాలు, 80 వేగంతో ఏడున్నర నిమిషాలు. మిగిలేది రెండున్నర నిమిషాలే. కాని 80 వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. గేదె అడ్డం వచ్చిందని గ్రహించి బ్రేకు నొక్కేలోపే అంత దూరం దాటిపోతుంది. వేగం రెట్టింపయితే దెబ్బ తీవ్రత నాలుగు రెట్లవుతుంది.

చట్టం ఏమంటుంది?

2019 సవరణ ప్రకారం అతివేగానికి కారు వంటి తేలికపాటి వాహనాలకు జరిమానా రూ. 1,000 నుండి 2,000. మళ్ళీ పట్టుబడితే లైసెన్సు స్వాధీనం చేసుకోవచ్చు. మైనరు పిల్లలకు బండి ఇస్తే తల్లిదండ్రులకు రూ. 25,000 జరిమానా, మూడేళ్ళ వరకు జైలు.

మీరు చేయవలసినవి:

1. కంగారుగా ఉంటే బండి మీరు నడపవద్దు. నిదానస్తుడైన మరొకరిని పిలవండి.
2. రోగిని మోటారు సైకిలుపై తేవద్దు. 108కి ఫోను చేయండి.
3. రాత్రంతా రోగి దగ్గర మేలుకున్నవారు నిద్రపోయాకే బయలుదేరండి.
4. హెల్మెట్ పెట్టుకొని పట్టీ బిగించండి.

మంచం మీద ఉన్నవారు మీ కోసమే ఎదురు చూస్తున్నారు. కాస్త ఆలస్యమైనా క్షేమంగా రండి.