ఇంగ్లీషు మూల: 'యూస్డ్ టు' ఎక్కడ ఎలా వాడాలి?

ఇంగ్లీషులో 'యూస్డ్ టు' అనే మాట పరీక్షలోనూ వస్తుంది, రోజూ మాటల్లోనూ వస్తుంది. దాని ముందు ఏముంది, వెనుక ఏముంది అని చూడకపోతే మాత్రం అర్థమే మారిపోతుంది. మూడు భాగాలుగా నేర్చుకుందాం.

1. అప్పుడు ఉండేది, ఇప్పుడు లేదు

'యూస్డ్ టు' తర్వాత గో, లివ్, ప్లే లాంటి క్రియ మొదటి రూపం రావాలి. తెలుగులో 'పోయేవాళ్ళం, ఉండేవాళ్ళం, ఆడేవాళ్ళం' అంటాం కదా, అదే ఇది.

వియ్ యూస్డ్ టు లివ్ ఇన్ తాళ్ళప్రొద్దుటూరు. – మేము తాళ్ళప్రొద్దుటూరులో ఉండేవాళ్ళం.

మన కొండాపురం మండలంలోని ఈ ఊర్లోకి 2020లో గండికోట జలాశయం నీళ్ళు వచ్చాయి. పెన్నా మీద కట్టిన ఆ జలాశయంలో 26.85 టీఎంసీల నీళ్ళు పడతాయి. 'వియ్ లివ్డ్' అన్నా తప్పు కాదు. కానీ 'యూస్డ్ టు' అంటే 'ముందు అక్కడే ఉన్నాము, ఇప్పుడు లేము' అనే రెండు సంగతులూ ఒక్క మాటలోనే వస్తాయి.

బ్రౌన్ యూస్డ్ టు పే ద పండిట్స్. – బ్రౌన్ పండితులకు జీతాలిచ్చేవాడు.

సి.పి. బ్రౌన్ దొర 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చి, తెలుగు నేర్చుకొని, సొంత డబ్బుతో పండితులను పెట్టి మన పుస్తకాలు సరిచేయించాడు. ఆయన తెలుగు నేర్వగా లేనిది మనకు ఇంగ్లీషు రాదా?

గమనిక: ఎన్నిసార్లో లెక్క చెబితే ఈ మాట వాడరాదు. 'గండికోటకు మూడుసార్లు పోయినాను' అనాలంటే, ఐ వెంట్ టు గండికోట త్రీ టైమ్స్.

2. అలవాటు

ముందు యామ్, ఈజ్, ఆర్ ఉండి, తర్వాత వస్తువు పేరో 'ఇంగ్' రూపమో వస్తే, అలవాటైందని అర్థం.

ఐ యామ్ యూస్డ్ టు గెటింగ్ అప్ ఎట్ ఫైవ్. – ఐదింటికి లేవడం నాకు అలవాటే.
ఐ యూస్డ్ టు గెట్ అప్ ఎట్ ఫైవ్. – ఐదింటికి లేచేవాణ్ణి, ఇప్పుడు లేవడం లేదు.

వార్డెన్ సారు అడిగితే ఏది చెప్పాలో మీరే చూసుకోండి!

ఇంకా అలవాటు పడుతూ ఉంటే 'గెటింగ్' చేర్చాలి. తండాలో లంబాడీ మాట్లాడి, ఇక్కడికి కొత్తగా వచ్చిన తమ్ముడు ఇలా అనొచ్చు: ఐ యామ్ గెటింగ్ యూస్డ్ టు తెలుగు.

ఊరు వదిలి కాలనీకి వచ్చినవాళ్ళను ఒక అధికారి పలకరించాడనుకోండి. 'వియ్ ఆర్ యూస్డ్ టు దిస్ ప్లేస్' అంటే, అన్నీ అలవాటైనాయి, ఇబ్బంది లేదని అనుకొని పోతాడు. అలవాటు కాకపోతే 'నాట్' చేర్చి, 'వియ్ ఆర్ నాట్ యూస్డ్ టు దిస్ ప్లేస్' అనే చెప్పాలి. మన మాట మనకే ఎదురు తిరగకూడదు.

3. వాడకం

నాపరాయి ఈజ్ యూజ్డ్ టు మేక్ ఫ్లోర్స్. – నేల పరచడానికి నాపరాయి వాడతారు.

పలకడంలోనే తేడా తెలుస్తుంది. పై రెండింటిలో 'యూస్టు' అని కలిపి పలకాలి. ఇక్కడ 'యూజ్డ్ టు' అని విడదీయాలి.

ప్రశ్న అడిగేటప్పుడు

'డిడ్' వస్తే రాతలో చివరి 'డి' అక్షరం పోతుంది: డిడ్ యూ యూస్ టు ప్లే కబడ్డీ? ఇప్పటి అలవాటుకు 'ఐ యూస్ టు ప్లే' అనరాదు. ఐ యూజువల్లీ ప్లే అనాలి.

అభ్యాసం: ఇంగ్లీషులోకి మార్చండి.
అ) మా తాత మేకలు కాసేవాడు.
ఆ) నాకు హాస్టల్ అన్నం అలవాటైంది.
ఇ) మా చెల్లి చీకటికి ఇంకా అలవాటు పడలేదు.

సెలవులకు ఇంటికి పోయినప్పుడు అవ్వనో తాతనో 'మన ఊర్లో ముందు ఏమేమి ఉండేవి?' అని అడిగి, 'యూస్డ్ టు'తో ఐదు వాక్యాలు రాసుకొని రండి. మంచివి వచ్చే సంచికలో ఈ గోడ మీదనే అంటిస్తాం.