దూకడం మానొద్దు పాపా

మంగంపేట

పాపా,

నీ మెసేజ్ చూడగానే ఫోన్ చేద్దామనుకుని ఆగాను. హాస్టల్ గదిలో నలుగురుంటారు, నువ్వు ఊఁ, ఆఁ అనడం తప్ప నోరు విప్పలేవు. ఇక్కడ మా ఇంట్లోనూ అంతే, మీ పెదనాన్న టీవీ ముందు నుంచి లేవడు. అందుకే ఉత్తరం రాస్తున్నా. చదివి చించెయ్యనక్కర్లేదు. నీ పక్క మంచం పిల్లకు చూపిస్తే ఇంకా మంచిది, ఆ పిల్లా కబడ్డీ ఆడుతుందన్నావు కదా.

లాంగ్ జంప్‌లో ఇసుకలో పడేటప్పుడు ఒంటేలు నాలుగు చుక్కలు పడుతోందనీ, ప్రాక్టీసు ఉన్న రోజు పొద్దున్నుంచీ నీళ్లు ముట్టడం లేదనీ, ఈ ఏడుతో ఆట వదిలేస్తాననీ రాశావు. "పెళ్లన్నా కాలేదు, నాకెందుకిట్లా" అన్నావు. ఫిజియోగా పనిచేసినన్నాళ్లూ ఈ మాట విన్నాను, కానీ సూటిగా అడిగినవాళ్లు తక్కువ. మోకాలి నొప్పని వచ్చి, అంతా అయ్యాక తలుపు దగ్గర ఆగి అడిగేవాళ్లు.

దీన్ని పెళ్లితో, కాన్పుతో ముడిపెట్టడం ముందు మానుకో. 1994లో అమెరికాలో ఒక్క కాన్పూ కాని 144 మంది క్రీడాకారిణులను అడిగితే, ఆడేటప్పుడు మూత్రం పడుతుందని 28 శాతం మంది చెప్పారు. జిమ్నాస్టిక్స్, బాస్కెట్‌బాల్ పిల్లల్లో అది మూడింట రెండు వంతులు. గోల్ఫ్ ఆడేవాళ్లలో ఒక్కరూ లేరు. 2002లో స్వీడన్‌లో ట్రాంపొలిన్ మీద ఎగిరే అమ్మాయిల సంగతి బయటికొచ్చింది. వాళ్ల సగటు వయసు 15 ఏళ్లు, ప్రాక్టీసులో తడుస్తున్నామన్నవాళ్లు 80 శాతం. ఎగరడం, గెంతడం ఎంత ఎక్కువో ఈ బాధ అంత ఎక్కువ. నువ్వొక్కదానివే అనుకుంటున్నావు గానీ, రేపు మీ గ్రౌండులో నీతోపాటు పరుగెత్తే వాళ్లలో ఇంకెవరు నల్ల ప్యాంటు తప్ప వేసుకోరో ఒకసారి చూడు.

ఇప్పుడు అసలు సంగతి. పొత్తికడుపు కింద, ముందరి ఎముక నుంచి వెనక తోక ఎముక దాకా కండరాలు నులక మంచం అల్లికలా పరుచుకుని ఉంటాయి. వాటినే పెల్విక్ ఫ్లోర్ అంటాం. మూత్రసంచి, గర్భసంచి, పెద్దపేగు చివరి భాగం వాటి మీదే ఆనుకుంటాయి. దగ్గినా, తుమ్మినా, బిందె ఎత్తినా, గెంతినా కడుపులోని ఒత్తిడి కిందికి తోస్తుంది. ఆ తోపు రావడానికి రెప్పపాటు ముందే అల్లిక బిగుసుకోవాలి. పరుగులోనే ఒక్కో అడుగుకు ఒంటి బరువుకు రెండు మూడింతలు నేల నుంచి తిరిగి తగులుతుంది, నీ టేకాఫ్ అడుగుకు అంతకంటే చాలా ఎక్కువ. తొడలకు స్క్వాట్లు, పిక్కలకు రెయిజులు చేయించారు, పొట్టకు ప్లాంకులు పెట్టించారు. అడుగున ఉన్న ఈ కండరాలకు మాత్రం ఎవరూ ఏమీ నేర్పలేదు. మీ కోచ్‌నూ నేను తప్పుపట్టను, ఆయనకూ ఎవరూ నేర్పి ఉండరు. నులక సాగితే కాళ్ల వైపు తాడు లాగి బిగిస్తాం గానీ మంచాన్ని బయట పారెయ్యం కదా.

నీళ్లు మానడం మాత్రం ఈ రోజే ఆపెయ్యి. మన ఎండలు నీకు చెప్పాలా? ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం గ్రౌండులో నీళ్లు లేకుండా గెంతితే కండరాలు పట్టేస్తాయి, కళ్లు తిరుగుతాయి. పైగా తాగకపోతే మూత్రం చిక్కబడి సంచిని రెచ్చగొడుతుంది, ఇంకా తొందర పుడుతుంది. దీనికి తోడు "ఎందుకైనా మంచిది" అని అరగంటకోసారి బాత్రూముకు పోయే అలవాటు చేసుకుని ఉంటావు. అట్లా పోతే మూత్రసంచి కొంచెం నిండగానే గోల పెట్టడం నేర్చుకుంటుంది. ప్రాక్టీసుకు ముందు ఒకసారి పో, చాలు. మలబద్ధకం ఉంటే అదీ చూసుకో, రోజూ ముక్కితే ఈ కండరాలే సాగుతాయి. హాస్టల్ తిండిలో ఆకుకూర ఎంతుంటుందో నాకు తెలుసు, అరటిపండో జామకాయో కొనుక్కో. కోడూరు దగ్గర పుట్టినదానివి, పండుకు కరువా?

ఇంకొకటి అడుగుతా, సిగ్గుపడకుండా జవాబు రాయి. నీకు ముట్టు నెలనెలా వస్తోందా? బరువు తగ్గితే ఇంకో పది సెంటీమీటర్లు దూకుతామని సంగటి మానేసి, రాత్రి మజ్జిగతో సరిపెట్టుకునే పిల్లలను చూశాను. ముట్టు ఆగితే పీడ పోయిందనుకుంటారు. ఆటలో ఖర్చయ్యే శక్తికి తగ్గ తిండి లేనప్పుడు ఒళ్లు ఆదా చేసేది ముందు ముట్టు దగ్గరే, ఆ తర్వాత ఎముకల్లో. 2014లో ఒలింపిక్ కమిటీ దీనికి ఒక పేరు పెట్టి మరీ కోచ్‌లను హెచ్చరించింది. తిండి తగ్గించుకునే ఆటగత్తెల్లో మూత్రం పడే బాధ కూడా ఎక్కువగా కనిపిస్తుంది. రాగిసంగటి, చెనిక్కాయల ఊరిబిండి, గుడ్డు మానొద్దు.

ఇక ఈ పెల్విక్ ఫ్లోర్ కండరాల వ్యాయామం సంగతి. 1948లో ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికా డాక్టరు దీన్ని గురించి రాశాడు, అందుకే కెగెల్ అంటారు. పక్కకు తిరిగి పడుకుని, మోకాళ్లు కొంచెం ముడుచుకో. నలుగురిలో ఉన్నప్పుడు గ్యాస్ ఆపుకున్నట్టు వెనక నుంచి ముందుకు, లోపలికి, పైకి లాగు. పిరుదులు బిగియకూడదు, తొడలు దగ్గరికి రాకూడదు, ఊపిరి బిగపట్టకూడదు. కొన్ని క్షణాలు పట్టి పూర్తిగా వదులు. ఆ వదలడాన్ని చాలామంది మరిచిపోతారు, పట్టినంతసేపూ వదలాలి. ఒక్కో విడతకు ఎనిమిదిసార్లు, రోజుకు మూడు విడతలు, కనీసం మూడు నెలలని బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. మూడు వారాలు చేసి ఫలితం లేదని మానేసేవాళ్లే ఎక్కువ, కండ పెరగడానికి టైము కావాలి. మూత్రం పోసేటప్పుడు మధ్యలో ఆపి చూడమని ఫోనులో ఎవరో చెబుతుంటారు, దాన్ని రోజువారీ కసరత్తుగా చెయ్యొద్దు. సంచి సరిగ్గా ఖాళీ కాదు.

పడుకుని చెయ్యడం వచ్చాక కూర్చుని, నిలబడి, ఆపైన స్క్వాట్‌లో, చివరకు చిన్న గెంతుల్లో చెయ్యాలి. దగ్గబోయే ముందు, గెంతబోయే ముందు ఒక్కసారి బిగించడం నేర్చుకుంటే అదే సగం పని. బరువులెత్తేటప్పుడు ఊపిరి వదులుతూ ఎత్తు. 2018లో వచ్చిన పెద్ద పరిశోధనల సమీక్షలో, ఇట్లాంటి ఒత్తిడికి మూత్రం పడే ఆడవాళ్లలో వ్యాయామం నేర్చుకున్నవాళ్లలో నూటికి 56 మంది నయమైందన్నారు, ఏమీ చెయ్యనివాళ్లలో ఆ మాటన్నది ఆరుగురే. కత్తి లేదు, మాత్ర లేదు.

అయినా నా ఉత్తరం చూసి నువ్వే మొదలుపెట్టెయ్యొద్దు. ఆటగత్తెల్లో కొందరికి ఈ కండరాలు వదులు కావు, ఎప్పుడూ బిర్రబిగుసుకుని ఉంటాయి. ఒంటేలు మొదలవడానికి టైము పట్టడం, కింద నొప్పి, ప్యాంటు కుట్టు ఒరిసినా ఓర్చుకోలేకపోవడం ఉంటే అది ఆ రకమేమో చూడాలి. అట్లాంటివాళ్లు కెగెల్ చేస్తే బాధ పెరుగుతుంది, వాళ్లకు వదలడం నేర్పాలి. అది తేల్చేది ఫిజియోనే. తిరుపతిలోనే ఉన్నావు, పెద్దాసుపత్రులున్న ఊరు. ఫిజియోథెరపీ ఓపీలో ఆడవాళ్ల సమస్యలు చూసే మేడమ్ ఎవరని అడుగు. మంట, జ్వరం, మూత్రంలో రక్తం, కాళ్ల మధ్య తిమ్మిరి ఉంటే మాత్రం ముందు డాక్టరు దగ్గరికి పో, ఆలస్యం చెయ్యొద్దు.

నీ భయం నాకు తెలుసు, లోపల చేయి పెట్టి చూస్తారేమోనని. పెళ్లికాని పిల్లకు అది తప్పనిసరి కాదు. పొట్ట మీద స్కానింగ్ పెట్టి ఆ కండరాలు కదిలేది తెర మీదే చూపించొచ్చు, పైనుంచి చూసి కూడా చాలా తెలుస్తుంది. ఏది చేసినా ముందు చెప్పి, నువ్వు సరేనన్నాకే చెయ్యాలి. వద్దంటే వద్దే. పక్కన ఒక ఆడమనిషిని ఉండమనడం నీ హక్కు. మన ముగ్గురాయి ఉంది చూడు, లారీల కొద్దీ పోయే బెరైటీస్, దాన్నే శుద్ధి చేసిన బేరియం సల్ఫేట్‌తో ఈ పెల్విక్ ఫ్లోర్‌కు ఒక ఎక్స్‌రే పరీక్ష కూడా చేస్తారు. నీకు ఆ అవసరం రాదులే. మా వాకిట్లో పడే దుమ్ముకు ఇంత పనుందని మీ పెదనాన్నతో చెబితే నమ్మలేదు.

కోచ్‌తో ఏమనాలంటావా? "కడుపునొప్పి" అని అబద్ధం చెప్పొద్దు, అట్లా చెప్పిన పిల్లను సెలెక్షన్లలో పక్కన పెడతారు. "పెల్విక్ ఫ్లోర్ కండరాలకు ఫిజియో జరుగుతోంది, గెంతుల లెక్క కొన్నాళ్లు తగ్గించండి" అను. అంతకు మించి ఆయనకు అనవసరం. ఈలోగా మూత్రానికి చేసిన ప్యాడ్ వాడుకో, నెలసరి ప్యాడ్ దీన్ని సరిగ్గా పీల్చదు. ముదురు రంగు షార్ట్స్ అడుగు. వింబుల్డన్‌లోనే నెలసరి భయం చూసి 2023 నుంచి తెల్ల స్కర్టు కింద ముదురు రంగు లోదుస్తులు ఒప్పుకున్నారు. మీ యూనివర్సిటీ మీట్‌కు అంతకన్నా కట్టుబాట్లేముంటాయి!

కాన్పయ్యాక ఏమవుతుందో అని ఇప్పుడే బెంగ పెట్టుకున్నట్టున్నావు. కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది, మరుసటి ఏడు బిడ్డను కన్నది, 2004లో మళ్లీ ఏథెన్స్ వేదికెక్కింది. అక్కడ పతకం రాలేదు, అయినా ఆ ఎక్కడం నాకు చిన్నదిగా కనిపించదు. సానియా మీర్జాకు 2018 అక్టోబరులో కొడుకు పుడితే 2020 జనవరిలో హోబర్ట్‌లో డబుల్స్ టైటిల్ గెలిచింది. మన కడప జిల్లా ఎర్రమల్లె నుంచి పోయిన శ్రీచరణి క్రికెట్ ప్రపంచకప్పు పట్టుకొచ్చినాక ఊళ్లల్లో తల్లిదండ్రులు ఆడపిల్లలను గ్రౌండుకు పంపడం మొదలుపెట్టారు. ఇట్లాంటప్పుడా నువ్వు వదిలేది?

మీ అమ్మ గురించి ఒక మాట. ఆమె నీతో చెప్పి ఉండదు, నువ్వు పుట్టినప్పటి నుంచి దగ్గితే కొంగు అడ్డం పెట్టుకునేది మూతికి కాదు. కడప బస్సెక్కాలంటే ముందురోజు నుంచి నీళ్లు మానేస్తుంది, నీకు ఆ తెలివి ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకప్పుడే అర్థమైంది. మన వైపు ఆడవాళ్లు ఈ బాధ పడీపడీ చివరకు గర్భసంచి తీయించుకునేదాకా పోతారు. 2015-16 కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీసేసినవాళ్లు దేశంలో నూటికి ముగ్గురైతే ఆంధ్రలో దాదాపు తొమ్మిది మంది. అందరూ ఇందుకే తీయించుకున్నారని కాదు. అయితే గర్భసంచి కొద్దిగా కిందికి జారిన దశలో ఈ వ్యాయామమే చాలామందికి ఉపశమనమిస్తుందని వాళ్లకు చెప్పినవాళ్లు లేరు.

కాబట్టి ఫిజియో దగ్గరికి పోయే ముందు మూడు రోజులు ఒక చీటీ రాసుకో. ఎన్నింటికి ఎన్ని గ్లాసులు తాగావు, ఎన్నింటికి ఒంటికి పోయావు, ఏం చేస్తుంటే పడింది, టీ ఎన్నిసార్లు తాగావు. అదే చీటీ మీ అమ్మ చేత కూడా రాయించు, సెలవులకు వచ్చినప్పుడు నా దగ్గర పెట్టండి. ఆమె రాయనంటే నువ్వే పక్కన కూర్చుని అడిగి రాయి.

మీ పెద్దమ్మ