మూసీ వెంట మళ్లకు ఏ ఎరువు, ఎంత?

రోహిణి కార్తె ఎండలు దంచుతున్నాయి. మృగశిర వచ్చేలోగా పెంటకుప్పలు ఎత్తి పొలాలకు తోలాలని ఊళ్లలో ట్రాక్టర్లు తిరుగుతున్నాయి. ఈ వారం సలహా హైదరాబాద్ దిగువన మూసీ కత్వల కింద పారే మళ్లకు, పటాన్‌చెరు పక్కన నక్కవాగు వెంట ఉన్న చేలకు, ఏళ్ల తరబడి మురుగునీళ్లో ఫ్యాక్టరీ నీళ్లో తాగిన నేలలకు. పెంట బాగా కొడితే నేలలో విషం విరిగిపోతుందా అని అక్కడి రైతులు అడుగుతుంటారు. కొన్ని విషాలు నిజంగానే విరుగుతాయి. కొన్ని ఎన్నేళ్లయినా విరగవు, ఎరువు వాటిని కట్టిపడేయగలదు అంతే. మీ చేలో ఉన్నది ఏ రకమో తెలుసుకోకుండా తోలిస్తే ట్రాక్టరు కిరాయి దండగ.

విరిగేవి ముందు చూద్దాం. డీజిల్, ఇంజన్ ఆయిల్, నేడు వాడే చాలా పురుగుమందులు, కలుపుమందులు కర్బనంతో కట్టినవే. సూక్ష్మజీవులకు అవి తిండి. మాగిన ఎరువు వేస్తే ఆ జీవాలను, వాటికి కావాల్సిన తేమను, గాలిని ఒకేసారి ఇచ్చినట్టే. బోరు ఇంజన్ దగ్గరో, ట్రాక్టర్ నిలిపే చోటో డీజిల్ కారి నల్లబడ్డ మట్టి ఉంటే దాన్ని తవ్వి, బావికి దూరంగా పాలిథిన్ పట్టా మీద కుప్ప పోయండి. మూడు పాళ్ల మట్టికి ఒక పాలు మాగిన ఎరువు, గాలి ఆడటానికి కొంత చొప్ప తరుగు కలపండి. డీజిల్‌లో కర్బనం దండిగా ఉంటుంది, నత్రజని ఉండదు. అందుకని పేడనీళ్లు చిలకరించాలి. పిడికిట పట్టి పిండితే చుక్క రాలీ రాలనట్టు ఉంటే తేమ సరిపోయినట్టు. పది రోజులకోసారి తిరగేస్తూ, వాన పడితే పైన కప్పండి. డీజిల్ వాసన నెలల్లో తగ్గుతుంది. వాడిపారేసిన ఇంజన్ ఆయిల్ మొండిది, దానికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. దగ్గర్లో ముత్యపు చిప్ప పుట్టగొడుగులు పెంచేవాళ్లుంటే, కోత అయ్యాక వాళ్లు పారేసే గడ్డిని అడిగి తెచ్చి ఈ కుప్పలో కలపండి. కట్టెను కుళ్లబెట్టే జాతి బూజు అది, మొండి రసాయనాలను కూడా కొరుకుతుంది. పాతకాలం డీడీటీ లాంటివి మాత్రం దశాబ్దాల పాటు నేలను వదలవు.

సీసం, కాడ్మియం, నికెల్, క్రోమియం సంగతి వేరు. ఇవి లోహాలు, ఏ జీవీ తిని హరించుకోలేదు. బాగా చివికిన ఎరువులోని జిగట పదార్థం వాటిని పట్టి ఉంచుతుంది, వేరుకు అందేది తగ్గుతుంది. క్రోమియంలో ఎక్కువ ప్రమాదకరమైన రూపాన్ని తక్కువ ప్రమాదం ఉన్న రూపానికి మార్చే గుణం కూడా ఎరువుకుంది. ఆర్సెనిక్ దగ్గర కథ అడ్డం తిరుగుతుంది. పచ్చి ఎరువు వేసి మడి నిండా నీళ్లు నిలిపితే కట్టుబడి ఉన్న ఆర్సెనిక్ కరిగి వరి వేరుకు అందుతుంది. పటాన్‌చెరు పారిశ్రామికవాడ నేలల్లో క్రోమియం, సీసంతో పాటు ఆర్సెనిక్ కూడా మామూలు కన్నా ఎక్కువగా ఉన్నట్టు జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు 2001లోనే ప్రచురించారు. అటువైపు రైతులు పూర్తిగా మాగిన ఎరువే వేయాలి, నీళ్లు నిలిపే వరికి బదులు ఆరుతడి పంటకు వెళ్లాలి. కాడ్మియం ఒక్కటే ఉన్న మడిలోనైతే నీళ్లు నిలపడమే మంచిది, ఆరబెడితే గింజలోకి ఎక్కువ పోతుంది. పరీక్ష చేయించకుండా ఎవరికీ ఒకే మాట చెప్పలేకపోవడానికి కారణం ఇదే.

ఎంత వేయాలి? ఎకరం నేలలో పై ఆరంగుళాల మట్టే దాదాపు 9 లక్షల కిలోలు తూగుతుంది. మామూలుగా ఎకరాకు వేసే 4 టన్నులు అందులో అర శాతం కూడా కాదు. లోహాలు పట్టిన నేలకు ఏటా 8 నుంచి 10 టన్నుల చొప్పున వరుసగా కొన్నేళ్లు వేస్తేనే తేడా కనిపిస్తుంది. ఎరువు ఏటా కొంత కరిగిపోతుంది కాబట్టి మధ్యలో మానకూడదు. అంత ఎరువు ఎక్కడిదంటారా? తొలకరికి ఎకరాకు 10, 12 కిలోల జీలుగ చల్లి, పూత మొదట్లో కలియదున్నితే కొంత లోటు తీరుతుంది. కానీ జీలుగ పీల్చిన లోహం మళ్లీ అదే మట్టిలో కలుస్తుందని గుర్తుంచుకోండి.

అసలు మోసం ఎరువులోనే ఉంటుంది. ఊరి చెరువు పూడిక మన చేలకు బంగారమే. అదే ఫ్యాక్టరీ నీళ్లు దిగిన చెరువు పూడికైతే లోహాలన్నీ అడుగున ఆ బంకమట్టిలోనే పేరుకుని ఉంటాయి. ఉచితంగా ఇస్తామన్నా తోలించుకోవద్దు. మూసీ గట్టున పెంచిన గడ్డి మేసే బర్రెల పేడ కూడా అనుమానించాల్సిందే. పశువు మేసిన లోహంలో ఎక్కువ భాగం పేడలోనే బయటికొస్తుంది. పట్టణ చెత్తతో చేసిన కంపోస్టు కొంటే సంచి మీద రాసింది చాలదు, పరీక్ష నివేదిక చూపించమనండి. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం కిలో సిటీ కంపోస్టులో సీసం 100 మిల్లీగ్రాములు, కాడ్మియం 5 మిల్లీగ్రాములు దాటకూడదు. నివేదిక లేదంటే కొనకండి. సిగ్గుపడాల్సింది అడిగే రైతు కాదు.

పంట విషయానికొస్తే, ఇలాంటి నేలలో పాలకూర, తోటకూర, కొత్తిమీర వేయకండి. లోహాలు ఆకులో చేరినంతగా కాయలో, గింజలో చేరవు. పట్నం పక్కనుండి ఆకుకూరలు మానడం కష్టమని తెలుసు, రోజూ చేతికి డబ్బొచ్చే పంట అది. అయినా ఆ మడి వరకైనా బంతి, చేమంతి పెట్టండి. పూలకూ పట్నంలో గిరాకీ ఉంది. ఆవాలు, పొద్దుతిరుగుడు వేసి లోహాన్ని పీల్చి తీసేయొచ్చని చెబుతారు. వీలవుతుంది గానీ ఏళ్లకేళ్లు పడుతుంది. కోసిన మొక్కను పశువులకు వేయకూడదు, పెంటకుప్పలో కలపకూడదు.

ఇక పరీక్ష. మీ దగ్గరున్న భూసార కార్డులో సీసం, కాడ్మియం ఉండవు. అందులోని 12 అంశాలు పోషకాలకు, నేల గుణానికి సంబంధించినవి. భార లోహాల పరీక్ష విడిగా అడగాలి, ఏ ల్యాబ్‌కు పంపాలో మండల వ్యవసాయ అధికారిని అడగండి. ఎరువు తోలక ముందే, ఈ వారంలోనే, మడిలో ఎనిమిది పది చోట్ల ఆరంగుళాల లోతు మట్టి తీసి కలిపి అరకిలో పంపండి. నీళ్లు మడిలోకి దిగే తూము దగ్గరి మట్టిని మరో సంచిలో కట్టండి, మురికి మొదట దిగేది అక్కడే. రెండేళ్ల తర్వాత మళ్లీ చేయించినప్పుడు మొత్తం సీసం అంకె తగ్గలేదని బెంగపడకండి, ఎరువు దాన్ని కట్టేసిందే తప్ప బయటికి పంపలేదు. అప్పుడు అడగాల్సింది మొక్కకు అందే లోహం ఎంతో చెప్పే డీటీపీఏ పరీక్ష. మట్టితో పాటు ఆ మడిలో పండిన గింజనో కాయనో కూడా పంపితే ఇంకా మంచిది.