అంగన్‌వాడీలో మీ పిల్లల చదువు: ఏం నేర్పుతారు, ఎలా నేర్పుతారు, ఎలా చూస్తారు?

(3 నుంచి 6 ఏళ్ల పిల్లల తల్లిదండ్రుల కోసం)

"రోజూ ఆటలేనా? ఇంకా అ ఆలు రాయిస్తలేరా?" అంగన్‌వాడీ టీచర్లు తల్లిదండ్రుల దగ్గర తరచూ వినే ప్రశ్న ఇది. ఈ అనుమానంతోనే కొందరు మూడేళ్లకే పిల్లల్ని ఫీజు కట్టి ప్రైవేటు నర్సరీకి మారుస్తున్నారు. మార్చే ముందు ఈ రెండు పేజీలు చదవండి.

ఏం నేర్పుతారు?

అంగన్‌వాడీ అంటే గుడ్డు, భోజనం, బాలామృతం మాత్రమే కాదు. 1975 అక్టోబర్ 2న ఐసీడీఎస్ మొదలైనప్పటి నుంచే పూర్వ ప్రాథమిక విద్య అందులో ఒక సేవ. 2020 జాతీయ విద్యా విధానం 3 నుంచి 8 ఏళ్ల వయసును ఒకే పునాది దశగా తీసుకుంది. అందులో మొదటి మూడేళ్లు అంగన్‌వాడీవి, తర్వాత రెండేళ్లు 1, 2 తరగతులవి. మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్ల లోపే జరుగుతుందని ఆ విధానం చెబుతోంది.

3-6 ఏళ్ల పిల్లల కోసం కేంద్రం 'ఆధార్‌శిల' అనే పాఠ్య ప్రణాళిక తెచ్చింది. ఇది 48 వారాలది:
• మొదటి 4 వారాలు: ఇల్లు వదిలి వచ్చిన పిల్లలు కేంద్రానికి అలవాటు పడటం
• తర్వాతి 36 వారాలు: ఆట, మాట, కథ, బొమ్మలు, చేతి పనులతో నేర్చుకోవడం
• చివరి 8 వారాలు: నేర్చుకున్నది మళ్లీ గుర్తు చేసుకోవడం

'పోషణ్ భీ పఢాయీ భీ' కార్యక్రమం కింద రోజుకు కనీసం రెండు గంటలు ఈ చదువుకు ఇవ్వాలి.

ఆటలతో ఎందుకు?

మూడేళ్ల బిడ్డ చేతి వేళ్లకు పెన్సిల్ పట్టేంత పట్టు ఇంకా రాదు. బంకమట్టితో ముద్దలు చేయడం, పూసలు గుచ్చడం, కాగితం చింపి అతికించడం వంటి పనులతో ఆ పట్టు వస్తుంది. మీకు ఆటలా కనిపించేదే రాతకు మొదటి పాఠం. అలాగే కథ విని "తర్వాత ఏమైంది?" అని అడిగే పిల్లకు రేపు చదివింది అర్థమవుతుంది. చిన్న గిన్నె, పెద్ద గిన్నె వేరు చేసే పిల్లవాడికి లెక్క మొదలైనట్టే.

టీచర్లతో మాట్లాడినప్పుడు వాళ్లు ముఖ్యంగా మూడు మాటలు చెబుతారు. ఒకటి, ఆట పద్ధతి పనిచేస్తుంది, కానీ రాయించమని ఇంటి నుంచి ఒత్తిడి వస్తుంది. రెండు, మూడేళ్ల పిల్లలు, ఐదేళ్ల పిల్లలు ఒకే గదిలో ఉంటారు, అందరికీ ఒకే పని ఇవ్వలేరు. మూడు, రిజిస్టర్లు, ఫోన్‌లో నమోదు, సర్వేల వల్ల బోధన సమయం తగ్గుతోంది. ఈ ఇబ్బందులు నిజమైనవే. పిల్లలు ఆలస్యంగా వచ్చి తిని వెళ్లిపోతే ఉన్న సమయం కూడా పోతుంది. అందుకే పిల్లల్ని రోజూ, వేళకు పంపడం మీ చేతుల్లో ఉన్న పెద్ద సాయం.

పరీక్షలు, మార్కులు ఉంటాయా?

ఉండవు. ఈ వయసులో పరీక్షలు పెట్టకూడదని 2022లో వచ్చిన పునాది దశ జాతీయ పాఠ్య ప్రణాళిక చట్రం స్పష్టంగా చెప్పింది. టీచర్ బిడ్డను గమనిస్తారు, వేసిన బొమ్మలు, చేసిన వస్తువులు చూస్తారు, రాసి పెట్టుకుంటారు. పక్క పిల్లలతో పోల్చరు. నిన్నటి మీ బిడ్డకూ ఇవాళ్టి మీ బిడ్డకూ తేడా చూస్తారు.

ఈ గమనింపు వల్ల ఇంకో మేలు ఉంది. పిలిస్తే పలకకపోవడం, మాట సరిగా రాకపోవడం, బొమ్మను కళ్లకు మరీ దగ్గరగా పెట్టుకోవడం లాంటివి టీచర్ కంట ముందే పడతాయి. ఆర్‌బీఎస్‌కే వైద్య బృందం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి వచ్చి పిల్లల్ని ఉచితంగా పరీక్షించాలి. అవసరమైతే పై ఆసుపత్రికి పంపుతారు. ఆ రోజు బిడ్డ కేంద్రంలో లేకపోతే ఆ అవకాశం తప్పిపోతుంది. వినికిడి లోపం లాంటివి ఎంత ముందు తెలిస్తే అంత మంచిది.

టీచరమ్మను ఇలా అడగండి

"ఎన్ని అక్షరాలు వచ్చాయి?" అనే బదులు:
• ఈ నెల మా పాప కొత్తగా ఏం చేయగలుగుతోంది?
• తోటి పిల్లలతో కలుస్తోందా? మాట్లాడుతోందా?
• ఎక్కడ వెనకబడింది? ఇంట్లో మేమేం చేయాలి?
• వైద్య బృందం ఎప్పుడు వస్తుంది?

నెలకోసారి జరిగే ఈసీసీఈ దినానికి తప్పక వెళ్లండి. బిడ్డ చేసిన పనులు చూపించమని అడగండి. తండ్రులు కూడా రావచ్చు, రావాలి.

ఇంట్లో మీరు చేయగలిగేవి

• చిక్కుడుకాయలు వలిచేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని లెక్కపెట్టించండి.
• రాత్రి ఒక కథ చెప్పండి. చదువు రాకపోయినా నోటి కథ చాలు.
• ఇంట్లో మాట్లాడే భాషలోనే మాట్లాడండి, అది లంబాడీ అయినా, గోండి అయినా, ఉర్దూ అయినా.
• రాయలేదని కొట్టొద్దు, పక్కింటి పిల్లలతో పోల్చొద్దు.

కేంద్రం వేళకు తెరవకపోయినా, చదువు చెప్పకపోయినా ముందు టీచర్‌తో, తర్వాత సెక్టార్ సూపర్‌వైజర్‌తో, అప్పటికీ కాకపోతే సీడీపీవోతో మాట్లాడండి. చేర్చడానికి ఫీజు లేదు. ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

మీ వాడలో మూడేళ్లు నిండిన పిల్లలున్న ఇళ్లకు ఈ పీడీఎఫ్ పంపండి. చదవలేనివాళ్లకు చదివి వినిపించండి.